పాస్‌వర్డ్ అడగని లాప్‌టాప్

ఆదివారం, రాత్రి 10.

పొద్దున ఏడింటికి కాఫీ పక్కన పెట్టుకుని లాప్‌టాప్ తెరిచాను. తొమ్మిదో తరగతి లెక్కల పేపరు రేపు పొద్దున్నే హెడ్‌మాస్టరు గారి చేతిలో పెట్టాలి. ఇంకా రెండు ప్రశ్నలు బాకీ. రోజూ ఆన్ చేయగానే డిస్కు పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇవాళ అడగలేదు. నల్లతెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పాకి ఒకచోట ఆగిపోయాయి. చివర 'కెర్నల్ పానిక్' అని ఉంది. క్యాప్స్ లాక్ లైటు మాత్రం ఆగకుండా వెలిగి ఆరుతోంది.

పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేశా. ఈసారి ముందుగా ఏదో మెనూ వచ్చింది. చదవకుండా ఎంటర్ కొట్టా. మళ్లీ అదే తెర. మూడోసారీ అంతే.

"నిన్న రాత్రి దాకా బానే ఉంది కదమ్మా, ఏం కెలికావు?" అంది అత్తయ్య, బెండకాయలు తరుగుతూ.

ఏమీ చేయలేదన్నాను. చేశాను. రాత్రి అప్‌డేట్లు ఉన్నాయంటే సరే అన్నా. కాసేపటికి ఏదో ఎర్రర్ అంటూ చిన్న కిటికీ తెరుచుకుంది. నిద్ర ముంచుకొస్తుంటే దాన్ని మూసేసి, లాప్‌టాప్ ఆపేసి పడుకున్నా. పిల్లలకేమో ఏడాది పొడుగునా 'ప్రశ్న రెండుసార్లు చదవండ్రా' అని చెప్తూ ఉంటా.

ఇందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసింది బెంగళూరులో ఉన్న తమ్ముడే. ఆదివారం వాడు తొందరగా లేవడు. ఎనిమిదిన్నర దాకా టెన్షన్‌గా ఇంట్లో అటూ ఇటూ తిరిగి అప్పుడు ఫోన్ చేశా.

"క్యాప్స్ లాక్ లైటు కొట్టుకుంటోందా అక్కా?"

"నీకెలా తెలుసురా?"

"కెర్నల్ అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్. అది చతికిలపడితే అలాగే చెప్తుంది. డిస్కు పోయి ఉండదులే, కంగారుపడకు."

నేను చదవకుండా దాటేసిన ఆ మెనూలో రెండో వరుస 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'. లోపలికి వెళ్తే కెర్నళ్లు కొత్తది పైన, పాతవి కింద వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ రికవరీ మోడ్ అని ఇంకో వరుస. కొత్తదాన్ని వదిలేసి, దాని కింది పాతదాన్ని మామూలుగా తెరవమన్నాడు. పాస్‌వర్డ్ అడిగింది! ఎప్పుడూ విసుక్కుంటూ కొట్టే ఆ పొడుగాటి పాస్‌వర్డ్‌ని ఇవాళ ఎంత ఇష్టంగా కొట్టానో. పేపరు క్షేమం. ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాకే మిగతా సంగతి.

కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి, డిస్కులో ఎక్కడ ఎంత నిండిందో చూపే 'డీఎఫ్' కొట్టమన్నాడు. 'బూట్' అన్న వరుసలో 100 శాతం. 512 జీబీ డిస్కులో సగానికి సగం ఖాళీయే కదరా అంటే అప్పుడు విడమరిచాడు. ప్రశ్నపత్రాలు ఉంటాయని డిస్కుకి ఎన్‌క్రిప్షన్ తాళం వేశాడట. తాళం తీయడానికి కావాల్సిన ఫైళ్లు తాళానికి బయటే ఉండాలి కాబట్టి, వాటికి విడిగా 700 ఎంబీల చిన్న గది. అదే ఈ 'బూట్'. వంటిల్లు ఎంత పెద్దదైతేనేం, పోపుల డబ్బాలో పట్టేది పట్టినంతే. ఒక్కో కెర్నల్‌కీ దాని వెంట వచ్చే ఇనిట్‌ఆర్‌డీ అనే ఫైలుకీ కలిపి 150 ఎంబీల దాకా కావాలి. నాలుగు పాతవి పేరుకుని ఉన్నాయి. రాత్రి అప్‌డేట్‌లో వచ్చిన ఐదోదానికి కెర్నల్ వరకు పట్టింది, ఇనిట్‌ఆర్‌డీకి చోటు చాల్లేదు. మొదట్లో పాస్‌వర్డ్ అడిగి డిస్కు తెరిచేది ఆ ఇనిట్‌ఆర్‌డీయే. అది లేక కొత్త కెర్నల్ గుమ్మంలోనే కూలబడింది. రాత్రి ఆ కిటికీ చెప్పబోయింది కూడా ఇదేనట, చోటు లేదని.

"అయితే పాతవన్నీ తీసిపారేద్దాం" అన్నా.

"ఇవాళ నీ లాప్‌టాప్‌ని లేపింది అందులో ఒకటే కదా అక్కా! ముందు 'యూనేమ్ మైనస్ ఆర్' కొట్టి ఇప్పుడు దేని మీద నడుస్తున్నావో చూడు. దాన్ని తీశావంటే కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే."

బాగా పాతవి రెండు తీసేశాం. సగంలో ఆగిన పనిని పూర్తిచేసే ఇంకో కమాండ్ చెప్పాడు. ఫ్యాను కాసేపు గుర్రుమంది. ఈసారి వచ్చిన ప్రతి వరుసా ఫోన్‌లో వాడికి చదివి వినిపించా. "అన్నీ చదవక్కర్లేదే" అని నవ్వాడు. పదకొండుకి రీస్టార్ట్. పాస్‌వర్డ్ అడిగింది, కొత్త కెర్నల్‌తోనే తెరుచుకుంది.

భోజనాలయ్యాక ఆ రెండు ప్రశ్నలూ పూర్తిచేశా. సాయంత్రం కరెంటు పోయి, ప్రింటు తీయడం కుదర్లేదు.

ఇందాక మళ్లీ ఓ కిటికీ తెరుచుకుంది. రెండుసార్లు చదివా. బ్రౌజర్ అప్‌డేట్ అట. దానికీ బూట్‌కీ సంబంధం లేదని ఇప్పుడు తెలుసు. అయినా 'తర్వాత' అన్నదే నొక్కా. పేపరు ఇంకా ప్రింటు కాలేదు.