డండీ మిల్లు కూలీల ఇల్లు, మా గానుగ కూలీల ఇల్లు

మా అక్క కొడుకు పెళ్లి చేసుకున్న అమ్మాయిది స్కాట్లాండ్‌లోని డండీ. వాళ్ళ పెద్దలు పూర్వం బొగ్గు గనుల్లో చేశారని, తర్వాత జూట్ మిల్లుల్లో కూలికి చేరారని తప్ప వాళ్ళింట్లో ఎవరికీ ఏమీ తెలీదు. "చిన్నమ్మా, నీకు ఇట్లాంటివి ఇష్టం గదా, కాస్త చూడు" అన్నాడు వాడు. అలా తిరుపతిలో కూర్చుని స్కాట్లాండ్ పాత రికార్డులుండే స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైట్‌లో వెతకడం మొదలుపెట్టాను. పేర్లు వెతకడం ఉచితమే గానీ, అసలు కాగితం చూడాలంటే క్రెడిట్లు కొనుక్కోవాలి.

మొదట జనాభా లెక్కల్లోకి దూకొద్దు, పెళ్లి రికార్డుతో మొదలుపెట్టండి. 1855 నుంచి అక్కడ ప్రభుత్వమే నమోదు చేస్తోంది. వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు కూడా అందులో ఉంటాయి కాబట్టి ఒకే పేరున్న పదిమందిలో మనవాళ్ళెవరో తేలుతుంది. టెన్షన్ పెట్టేది వయసులు. 1841 లెక్కల్లో పదిహేను దాటినవాళ్ళ వయసును చాలాచోట్ల కింది ఐదు గుణకానికి తగ్గించి రాశారు, 29 ఏళ్ల మనిషి 25 అయిపోతాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా అందులో రాయలేదు, అది 1851లో వచ్చింది.

ఆ లెక్కల్లో నాకు బాగా నచ్చింది పిల్లలు పుట్టిన ఊళ్ళ గడి. పెద్దవాడు లానార్క్‌షైర్‌లో, నడిపిది ఫైఫ్‌లో, చిన్నది డండీలో! గని పని ఎటు దొరికితే అటు సంసారం నెత్తిన పెట్టుకుని పోయారని, చివరికి మిల్లుకు చేరారని ఆ మూడు వరుసల్లోనే తెలిసిపోతుంది. 1861 నుంచి ఇంట్లో కిటికీ ఉన్న గదులెన్నో కూడా అడిగారు. వీళ్ళకి ఒక్కటి. ఆ ఒక్క గదిలో ఏడుగురు, పైగా ఒక అద్దె మనిషి. తల్లి, పెద్ద కూతురు ఇద్దరూ మిల్లులోనే. డండీలో మిల్లు పని ఎక్కువగా ఆడవాళ్ళదే, ఇంట్లో ఉండిపోయిన మగవాళ్ళని 'కెటిల్ బాయిలర్', అంటే టీకి నీళ్లు కాచేవాడు, అనేవాళ్ళు. ఆ మిల్లుల్లో వడికిన జనపనార మన బెంగాల్ నుంచి ఓడల్లో పోయిందే, దాన్ని మెత్తబరచడానికి తిమింగలం నూనె వాడేవాళ్ళు.

ఇదంతా చదువుతుంటే మా వాళ్ళు గుర్తొచ్చి కడుపులో మెలిపెట్టింది. మా తాత వాళ్ళ నాయన చిత్తూరు పక్కన చెరకు గానుగల దగ్గర కూలి. 1881 నుంచి మన దగ్గరా పదేళ్లకోసారి తలలు లెక్కపెట్టారు, కానీ ఇంటింటి వివరాలు మనకి చూపించరు, 1948 చట్టం ఒప్పుకోదు. భూమి ఉన్నవాళ్ళయితే పాత అడంగల్‌లోనో సెటిల్‌మెంట్ రిజిస్టర్‌లోనో కనబడతారు. సెంటు నేల లేని గానుగ కూలీ ఎక్కడ కనబడతాడు? డండీ వాళ్ళకి ఉన్న ఒక్క కిటికీ గది కూడా కాగితం మీద ఉంది, మా ముత్తవ్వ పేరే నాకు తెలీదు. మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళుంటే ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి, పెళ్లిళ్లు ఏ ఊళ్ళతో కలిశాయో ముందు అడగండి, పేర్లు వాటంతట అవే వస్తాయి.

డండీ వాళ్ళని 1921 దాకా తెచ్చాను. ఆ పై లెక్కలు నూరేళ్లు నిండేదాకా తెరవరు. ఇంగ్లండ్ 1931 లెక్కల కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, స్కాట్లాండ్‌వి మాత్రం భద్రంగా ఉన్నాయి. ఆ అమ్మాయి అమ్మమ్మ వాళ్ళమ్మ 1931 నాటికి బడికి పోయే పిల్ల, తన పేరు అందులో ఉండాలి.