మూడు తొమ్మిదులు, ఒక సున్నా

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

గణితంలో చురుకైన మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల కోసం పన్నెండు ఆదివారాలకు సరిపడే పాఠ్యప్రణాళిక ఒకటి రాస్తున్నాను. అందులోని మూడో వారం కాగితాన్ని ఈరోజు మా మేడ మీద పదకొండు మంది పిల్లల చేత చేయించి చూశాను.

ఉదయం పిల్లవాణ్ణి దింపడానికి వచ్చిన ఒక తండ్రి, "మేడం, మావాడికి తీసివేతలు ఎప్పుడో వచ్చేశాయి, ఆరో తరగతి పుస్తకం మొదలుపెట్టకూడదా? నవోదయ పరీక్ష కూడా రాయించాలి" అని అడిగారు. ఆయన అడగడంలో తప్పు లేదు. పై తరగతి పాఠం ముందే చెప్పడం నాకూ సులువే, పుస్తకం ఎలాగూ అచ్చయి ఉంది. కానీ వచ్చిన తీసివేతతోనే పిల్లవాడిని గంటసేపు తికమకపెట్టగల ప్రశ్నను వెతకడానికే నాకు వారమంతా పడుతోంది. ఇలాంటి పిల్లలకు అదనపు సామగ్రి ఇచ్చి ప్రోత్సహించాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. ఆ సామగ్రిని రాసుకోవలసింది మాత్రం మనమే.

ఈ వారం ప్రశ్న కాప్రేకర్‌ది. మహారాష్ట్రలోని దేవ్లాలీలో బడిపంతులుగా పనిచేసిన ఆయన 1949లో గమనించిన సంగతి ఇది: అన్నీ ఒకే అంకెలు కాని నాలుగంకెల సంఖ్యను తీసుకుని, ఆ అంకెలను పెద్దది ముందుగా పేర్చిన సంఖ్య నుంచి చిన్నది ముందుగా పేర్చిన సంఖ్యను తీసివేసి, వచ్చినదానితో మళ్లీ అలాగే చేస్తూ పోతే, ఏడు తీసివేతలు మించకుండా 6174 వచ్చి తీరుతుంది. మొదలుపెట్టడానికి కొండ మెట్ల సంఖ్యలనే ఇచ్చాను. శ్రీవారి మెట్టుకు 2388 మెట్లు అంటారు. అక్కడి నుంచి 6444, 1998, 8082, 8532 మీదుగా అయిదో తీసివేతకు 6174 వచ్చింది. అలిపిరి మెట్లు 3550. దానికి సరిగ్గా ఏడు పట్టాయి. "ఏడుకొండలూ ఎక్కాం మేడం!" అని అరిచారు. నిన్న రాత్రి ఒంటరిగా లెక్క చేసుకున్నప్పుడు నేనూ ఇంచుమించు అలాగే అరిచాను. రెండు దారులూ 1998 దగ్గర కలుస్తాయని అయిదో తరగతి అమ్మాయి వేలు పెట్టి చూపించింది. అది నా కాగితంలో లేదు.

ఆ తరువాత ఎవరికి నచ్చిన సంఖ్య వారిని తీసుకోమన్నాను. మూడో తరగతి పిల్లవాడు, పని తక్కువని కాబోలు, 1000 తీసుకున్నాడు. వెయ్యిలోంచి ఒకటి పోతే 999. దాన్ని ఎటు పేర్చినా 999 కాబట్టి, తీసివేసి, పలక నా ముందు పెట్టి, "నాకు సున్నా వచ్చింది మేడం, కాప్రేకర్ సార్ తప్పు చెప్పినాడు" అన్నాడు. "మళ్లీ చెయ్యి" అనబోయి ఆగాను. నా కాగితం ప్రకారం వాడు చేసినదాంట్లో తప్పేదీ లేదు. వేల స్థానంలో సున్నా ఉంచి 0999 అని రాసుకోవాలని నేను ఎక్కడా చెప్పలేదు. పక్కనున్న పిల్ల, "వేల ఇంట్లో ఎవరూ లేకపోతే ఇల్లు కూలగొడతామా?" అంది. వాడు వెంటనే ఒప్పుకోలేదు. 0999 అని ఏ పుస్తకంలో రాస్తారని పది నిమిషాలు వాదించాడు. చివరికి సరే చూద్దామని 9990లోంచి 0999 తీస్తే 8991, అక్కడి నుంచి 8082, 8532, 6174. వాడి ముఖం చూడవలసిందే. స్థానవిలువ గురించి మొదటి వారంలో నేను తయారుచేసిన రెండు పుటల అభ్యాసం ఈ పది నిమిషాల ముందు దండగ అనిపించింది.

వచ్చిన ప్రతి సంఖ్యలోనూ అంకెలు కూడితే 18 గానీ 27 గానీ ఎందుకు వస్తోందన్న ప్రశ్నను ఒక వారంలో ముగించాలనుకున్నాను. దానికి రెండు వారాలు ఇవ్వాలి. అంకెల క్రమం మార్చినంత మాత్రాన తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషం మారదని వాళ్లంతట వాళ్లు పట్టుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. ఆ వారాలకు చోటు కోసం మొదటి వారం అభ్యాసాన్ని కొట్టేశాను.

సాయంత్రం కాగితంలో "ముందు సున్నాను వదలకండి" అన్న వాక్యం చేర్చి, ఇంతకుముందే మళ్లీ చెరిపేశాను. దాని బదులు, వచ్చే వారం ఎవరూ తీసుకోకపోతే నేనే 1000 తీసుకుంటాను.