గ్రీన్ బేలో పదో నంబర్ కుర్రాడు

మిల్వాకీ దాటాక ఐ-43 మీద చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు, కాబట్టి దారి గురించి రాయను. 2023 ఆగస్టులో గ్రీన్ బే చేరేసరికి నా మనసేమీ బాగాలేదు. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్, తమ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) ఆరన్ రాడ్జర్స్‌ను ఏప్రిల్‌లోనే న్యూయార్క్ జెట్స్ జట్టుకు ఇచ్చేసింది. అమెరికా వచ్చిన కొత్తలో నాకు ఇక్కడి ఫుట్‌బాల్ మీద ఇష్టం కలిగిందే ఆయన ఆట చూసి. ఆయన లేని ప్యాకర్స్‌ను చూడటానికి ఇంత దూరం ఎందుకొచ్చానా అని చిరాకు. దానికి తోడు, గట్టిగా లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊళ్ళో హోటల్ గదికి షికాగో రేటు!

ట్రైనింగ్ క్యాంపు ప్రాక్టీస్‌కు మాత్రం టికెట్ అక్కర్లేదు. పొద్దున్నే ప్యాకర్స్ స్టేడియం ల్యాంబో ఫీల్డ్ బయట పిల్లలు సైకిళ్ళు పట్టుకుని బారులు తీరి ఉన్నారు. ఆటగాళ్ళు వస్తారు, ఒక్కొక్కరూ ఒక పిల్లో పిల్లాడో తెచ్చిన సైకిల్ ఎక్కి ప్రాక్టీస్ మైదానం దాకా తొక్కుకుంటూ పోతారు. హెల్మెట్ పట్టుకుని పిల్లలు పక్కన పరిగెడతారు. ఏళ్ళుగా వస్తున్న ఆనవాయితీ. ఒక భారీ ఆటగాడు గులాబీ రంగు చిన్న సైకిల్ మీద మోకాళ్ళు ఛాతీకి తగులుతుండగా తొక్కుతున్నాడు. రెండు చేతులా హెల్మెట్ హత్తుకుని పరిగెడుతున్న ఆ సైకిల్ పిల్ల ముఖం చూశాక నా చిరాకు సగం పోయింది.

ఆ పిల్ల తాతగారే ప్రాక్టీస్ దగ్గర నా పక్కన కూర్చున్నారు. ఒంటి మీద వెలిసిపోయిన నాలుగో నంబర్ జెర్సీ, అంటే రాడ్జర్స్‌కు ముందు క్వార్టర్‌బ్యాక్ అయిన బ్రెట్ ఫావ్రది. రాడ్జర్స్ వెళ్ళిపోయినందుకు బాధగా లేదా అని అడిగాను. "బాధంతా 2008లోనే పడ్డాం. నేనూ మా అబ్బాయీ ఆ వేసవంతా సరిగ్గా మాట్లాడుకోలేదు" అన్నారు.

ఆ కథ తెలిసిందే. 2007లో ఫావ్ర జట్టు 13 మ్యాచ్‌లు గెలిచింది. 2008 మార్చిలో రిటైరవుతున్నానని కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి, వేసవిలో మళ్ళీ ఆడతానన్నాడు. జట్టు ఒప్పుకోలేదు. 2005లో తీసుకుని మూడేళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టిన రాడ్జర్స్‌కే పగ్గాలిచ్చి, ఫావ్రను జెట్స్‌కు పంపేసింది. ఆ ఆగస్టులో సొంత మైదానంలోనే రాడ్జర్స్‌ను గేలి చేశారు. "నేనూ అరిచాను" అన్నారాయన, మైదానం వైపే చూస్తూ. ఆ ఏడాది గెలిచింది 6 మ్యాచ్‌లే. 2011 ఫిబ్రవరిలో అదే రాడ్జర్స్ సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిపించాడు.

2020లో మళ్ళీ అదే జరిగింది. రాడ్జర్స్‌కు తోడుగా, అతను విసిరిన బంతి పట్టే మంచి రిసీవర్‌ను తెస్తారని అందరం అనుకుంటే, కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో జోర్డన్ లవ్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రాడ్జర్స్ ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ ఎంవీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు, అయ్యాడు. కుర్రాడు మూడేళ్ళు చూస్తూ కూర్చున్నాడు. కానీ కొత్తగా వచ్చినవాడి చవక కాంట్రాక్టు నాలుగేళ్ళే. ఆడించకుండా అది ముగిసిపోతే, అతని సత్తా ఏమిటో తెలియకుండానే కోట్లు పెట్టాలి, లేదా వదులుకోవాలి. ఇంకో ఏడాది ఆగితే ఏం పోయిందని నేననుకున్నది అందుకే కుదరదు.

అక్కడ కూర్చుంటే నాకు 2012 ఉప్పల్ గుర్తొచ్చింది. న్యూజిలాండ్‌తో టెస్టుకు జట్టులో ఉండి కూడా, సొంత ఊళ్ళో ఆఖరి మ్యాచ్ ఆడకుండానే లక్ష్మణ్ తప్పుకున్నాడు. ఆ టెస్టులో పుజారా 159 కొట్టాడు. బాగుందని చప్పట్లు కొడుతూనే లోపల కుమిలిపోయాను. లక్ష్మణ్ తనంతట తానే దిగాడు. అలా దిగనివాడికి దారి చూపించడం జట్టు పని. ప్యాకర్స్ రెండుసార్లూ ఆ పని చేశారు. రెండోసారి తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఇప్పుడు మాత్రం వాళ్ళు చేసిందే సరి అంటాను.

పదో నంబర్ కుర్రాడు లవ్ దూరంగా ఒక బంతి విసిరాడు. రిసీవర్ తల మీదుగా పోయింది. స్టాండ్‌లో ఎవరూ అరవలేదు. మళ్ళీ అదే ఆట. ఈసారి సరిగ్గా చేతుల్లో పడింది. తాతగారు చప్పట్లు కొట్టి, "ఈసారి నేను అరవను" అన్నారు.

2024 జనవరిలో డాలస్ వెళ్ళి లవ్ 48-32తో కౌబాయ్స్‌ను ఓడించాడు. డాలస్ పక్కనే ఫ్రిస్కోలో ఉన్న మావాళ్ళంతా కౌబాయ్స్ అభిమానులే. ఆ రాత్రి ఒక్కరూ ఫోనెత్తలేదు. తర్వాతి వారం శాన్ ఫ్రాన్సిస్కో జట్టుతో మ్యాచ్‌లో లవ్ పరిగెడుతూ మధ్యలోకి విసిరిన బంతి అవతలివాళ్ళ చేతికి చిక్కి 24-21తో ఓడాం. అయినా అతన్నే ఆడించాలి. డిసెంబర్ మ్యాచ్‌కు టికెట్ల ధరలు చూస్తున్నాను. దారుణంగా ఉన్నాయి, కానీ వెళ్తాను.