మడుగు ఎవరి కౌలు?

వదిన వాళ్లింట్లో వ్రతం బాగా జరిగింది. పిల్లలు అల్లరి చేయలేదు, అత్తయ్యగారు మోకాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు. అవన్నీ తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు నిద్ర పట్టనివ్వనిది మాత్రం భోజనాల మధ్యలో వినిపించిన టపాసుల మోత.

పొద్దున శ్రీకాకుళం జిల్లా నౌపడ దాటాక, ఉప్పు మడుల అవతల మడుగులో తెడ్డుమూతి కొంగలు కనిపించాయి. ఆయన కారు ఆపారు. ఎందుకని అడగడం ఎప్పుడో మానేశారు, మీకు తెలిసిందే. దూరం నుంచి మామూలు తెల్లకొంగల్లాగే ఉంటాయి. కానీ తెల్లకొంగ కదలకుండా నిలబడి, చూసి చూసి పొడుస్తుంది. ఇవి ముక్కు కాస్త తెరిచి నీళ్లలో ముంచి, వాకిలి ఊడ్చినట్టు అటూ ఇటూ తిప్పుతూ నడుస్తూనే ఉంటాయి. కంటితో వెతుక్కోవడం కాదు, అంతా స్పర్శతోనే. చిన్న చేపో, నీటిపురుగో, రొయ్యపిల్లో ముక్కు లోపలికి తగిలిందంటే టక్కున మూసేస్తాయి. చిన్నవాడి ఫోనులో దగ్గరగా చూస్తే నల్లటి ముక్కు మీద అడ్డంగా ముడతలు, చివర వెడల్పైన చోట పసుపు. ఒకదాని ముక్కు ఇంకా గులాబీ రంగులోనే ఉంది, రెక్కల కొసలు నలుపు. అది పిల్ల. పెద్దవాటి కంటే ఎక్కువ కంగారుగా తిరుగుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు, వ్రతానికి ఆలస్యమవుతుందని అత్తయ్యగారే గుర్తు చేశారు.

ఆ మడుగును ఆనుకునే అన్నయ్యగారి రొయ్యల చెరువులు. సాంబారు వడ్డిస్తుండగా ఢామ్మని మోత. డాబా మీదికి పరుగెత్తి చూస్తే కొంగలన్నీ మెడలు ముందుకు చాచి సముద్రం వైపు వెళ్లిపోతున్నాయి. గట్టు మీద ఒక కుర్రాడు ఇంకో టపాసు వెలిగిస్తున్నాడు. అందుకే అతన్ని జీతానికి పెట్టుకున్నారట.

"అవి మీ చెరువులో దిగలేవు అన్నయ్యగారూ. మీ చెరువు నడుము లోతు. వాటికి జానెడు నీళ్లు కావాలి" అన్నాను.

"కొంగలన్నీ ఒకటేనమ్మా. రొయ్యలు తినడానికే సైబీరియా నుంచి వస్తాయి" అని నవ్వి, అప్పడం వడ్డించుకున్నారు.

ఈ సైబీరియా మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మమ్మ ఊరు తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతులనూ (పెలికాన్లు) ఎర్రకాళ్ల కొంగలనూ ఇలాగే అంటారు. ఆ గూడబాతు దక్షిణ, ఆగ్నేయ ఆసియా దాటి ఎక్కడా గూడు కట్టదు. తెడ్డుమూతి కొంగల్లో చలికాలానికి ఉత్తరాది నుంచి దిగేవి ఉన్న మాట నిజమే. కానీ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో గూళ్లు కట్టి పిల్లల్ని లేపేవి కూడా ఇవే. ఎక్కడి నుంచో దోచుకోవడానికి వచ్చాయని ముద్ర వేస్తే, తరమడానికి మనసు ఒప్పుకుంటుంది కాబోలు.

తేలినీలాపురం అంటే అమ్మమ్మ. ఆ ఇంటి వెనుక చింతచెట్టు నిండా గూళ్లే. పెంకులు తెల్లగా రెట్టలతో నిండిపోయేవి, వాన పడితే వాసనకు ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. అమ్మమ్మ వడియాలు పెరట్లో పెట్టడం మానేసి, వీధి చివర వాళ్ల అరుగు మీద ఆరబెట్టుకునేది. చెట్టు కొట్టించమని తాతయ్య అన్నప్పుడల్లా "పురిటికి వచ్చిన పిల్లల్ని గెంటేస్తామా?" అనేది. దీపావళికి మామయ్య సంచి నిండా టపాసులు తెచ్చినా మాకు దక్కేవి మతాబులూ కాకరపువ్వొత్తులూ మాత్రమే. మోత చేసేవన్నీ తన పెట్టెలో పెట్టి తాళం వేసేది. నేను ఏడ్చి అన్నం మానేస్తే, చెట్టు కిందికి తీసుకెళ్లి నిలబెట్టింది. పైన గూళ్లలో ముక్కులు కొట్టుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగేదాకా ఏడవమంది. ఏడవలేకపోయాను. తమిళనాడులో వేట్టంగుడి దగ్గర కొల్లుకుడిపట్టి అనే ఊరంతా పక్షుల కోసం దీపావళికి టపాసులు కాల్చరని పెద్దయ్యాక చదివినప్పుడు, మా అమ్మమ్మ లాంటి వాళ్లు అక్కడ వీధికొకరు ఉన్నారన్నమాట అనుకున్నాను.

ఇంతవరకు కోపంగానే రాశాను. కానీ వదిన చేతులకు బంగారు గాజులు లేని సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. మట్టిగాజులతోనే పీటల మీద కూర్చుంది. కిందటి పంటకు వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ తెగులు వచ్చి చెరువు మొత్తం పోయింది. అది తగిలితే పది రోజులు కూడా పట్టదు. తెగులు వచ్చిన చెరువులోని రొయ్యను కాకో నీటికాకో ఎత్తుకొచ్చి ఇక్కడ జారవిడుస్తుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. అందుకే చెరువుల మీద తాళ్లూ వలలూ కట్టుకోమంటారు. మేత డీలరు బాకీ, కరెంటు బిల్లు, చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటరు ఆగితే అర్ధరాత్రి పరుగులు. ఆ మనిషి అప్పడం నములుతూ నవ్వినా, ఆకాశంలో రెక్క కనిపిస్తే గుండె ఆగిపోతుంది. మా పొలంలో అడవిపందులు పడినప్పుడు నాన్న రాత్రంతా డబ్బా మోగించేవారు. అప్పుడు పందుల తరఫున నేనేమీ మాట్లాడలేదు.

అయినా ఒక్కటి మింగుడు పడటం లేదు. అన్నయ్యగారి భయం చెరువు గురించి. టపాసు పేలింది మడుగులో. మడుగు ఎవరి కౌలూ కాదు.

తైవాన్‌లో తైనాన్ తీరాన నల్లమొహం తెడ్డుమూతి కొంగలు చలికాలం గడుపుతాయి. 1980ల చివర ప్రపంచమంతా వెతికితే 300 కూడా కనిపించని పక్షి ఇప్పుడు 6,000 దాటింది. అక్కడ కొందరు చేపల రైతులు పట్టుబడి అయ్యాక నీటిని పూర్తిగా తోడేయకుండా కాస్త ఉంచి, మిగిలిన చిల్లర చేపల్ని వాటికి వదిలేస్తారు. మన రొయ్యల చెరువును ఎండబెట్టి సున్నం చల్లాలి కాబట్టి అలాగే ఇక్కడ కుదరదు. కానీ అన్నయ్యగారు తాళ్లు కట్టించింది ఒక చెరువుకే. మిగిలినవాటికీ కట్టిస్తే ఆ కుర్రాడికి మడుగు వైపు పని ఉండదు. ఎంతవుతుందో రేపు వదినను అడుగుతాను.

ఈ మాట ఇప్పుడే మా ఆయనతో అంటే, "వాళ్ల చెరువుకు మనం తాళ్లు కొనడమేమిటి?" అన్నారు. సంక్రాంతికి నేను చీర కొనుక్కోలేదు కదా, ఆ డబ్బు ఉంది అన్నాను.