చిల్లుపడ్డ హెల్మెట్ వెనక మనిషి ఎవరు? నా అనుభవం

దెబ్బతిన్న ఎం1 హెల్మెట్ కొనేటప్పుడు నేను చిల్లును ఆఖర్న చూస్తాను. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం ఇవి 2 కోట్లకు పైగా తయారయ్యాయి. మామూలుది ఎక్కడైనా దొరుకుతుంది. తూటా దెబ్బ ఉందంటే మాత్రం రేటు అమాంతం పెరుగుతుంది. అందుకే పాత డిప్పను (హెల్మెట్ పైభాగపు ఉక్కు రేకును) తెచ్చి, ఇప్పటి తుపాకీతో కాల్చి అమ్మే ఘనులకు కొదవ లేదు.

పెన్సిల్వేనియాలో ఉద్యోగం చేసుకుంటూ, వీలున్నప్పుడల్లా పాత మిలిటరీ సామాన్లు అమ్మే సంతలు తిరుగుతుంటాను. "ఎవరు పోయిన టోపీయో ఏమో, ఇంట్లోకి మాత్రం తేకండి" అని మా ఆవిడ టెన్షన్. అందుకని నా సేకరణంతా గరాజ్‌లోనే. మట్టిలోంచి తవ్వి తీసినవైతే నేనూ కొనను. హెల్మెట్ దొరికిన చోట మనిషి కూడా ఉండొచ్చు.

అలా ఒక సంతలో కనబడిన ఈ హెల్మెట్‌కి కుడివైపు, వేలెడంత పొడవున రేకు చీలి ఉంది. చీలిక అంచులు లోపలికి మడుచుకుపోయాయి. అక్కడి తుప్పు మిగతా డిప్ప మీది తుప్పులాగే నల్లబడి ఉంది. కొత్తగా కాల్చినదైతే రేకు మెరుస్తుంది, లేదా తుప్పు నారింజ రంగులో ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూశాను, సరిగా అంటుకోలేదు. అసలు ఎం1 డిప్ప మాంగనీస్ ఉక్కు కాబట్టి అలాగే ఉండాలి. అంచు చుట్టూ ఉన్న పట్టీ అతుకు ముందువైపే ఉంది. అతుకు వెనక్కి మారింది 1944 చివర్లో. వెనక అతుకున్న హెల్మెట్‌ను 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో దిగిన సైనికుడిదని ఎవరైనా చెబితే నవ్వి ముందుకెళ్లడమే.

లోపలి లైనర్ విడిగా ఊడొస్తుంది. దాన్ని ఏ డిప్పలోనైనా పెట్టేయొచ్చు కాబట్టి లైనర్‌లో పేరున్నా అది ఆ డిప్ప తొడుక్కున్నవాడిదని చెప్పలేం. ఈ లైనర్‌కి మాత్రం డిప్ప చీలినచోటే పగులుంది. రెండూ కలిపి దీపం ముందు పెడితే వెలుతురు తిన్నగా లోపలికి పడింది. లైనర్ ముందుభాగంలో వెలిసిపోయిన ఎర్రటి గుర్తు కూడా ఉంది: పెన్సిల్వేనియా సైనికులతో ఏర్పడిన 28వ డివిజన్ వాళ్ల కీస్టోన్ (కమాను నడిమి రాయి ఆకారం). ఇక బేరమాడకుండా కొనేశాను.

లైనర్ లోపలి తోలు పట్టీ తిప్పి చూస్తే సిరాతో ఒక అక్షరం, నాలుగు అంకెలు ఉన్నాయి. ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీస్ నంబర్‌లోని చివరి నాలుగు అంకెలు కలిపి సామాన్ల మీద రాసుకోవడం అప్పటి పద్ధతి. అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు సైన్యంలో చేరినవారి వివరాలు సుమారు 90 లక్షల దాకా ఆన్‌లైన్‌లో పెట్టారు. వెతికితే పెద్ద జాబితా వచ్చింది. సర్వీస్ నంబర్ 3తో మొదలైతే డ్రాఫ్ట్‌లో (నిర్బంధ సైనిక సేవ కింద) వచ్చినవాడు, రెండో అంకె ఏ ప్రాంతమో చెబుతుంది. కానీ పెన్సిల్వేనియా వాడైనంత మాత్రాన పెన్సిల్వేనియా డివిజన్‌లోనే వేస్తారని లేదు కదా!

సర్వీస్ ఫైల్ కోసం, సైనికుల పాత ఫైళ్లు ఉండే సెయింట్ లూయిస్‌లోని కేంద్రానికి రాద్దామంటే, అక్కడ 1973 జూలై 12న జరిగిన అగ్నిప్రమాదంలో అప్పటి ఆర్మీ ఫైళ్లలో 80 శాతం దాకా పోయాయి. ఇక్కడ నన్ను గట్టెక్కించినవి ఆసుపత్రి అడ్మిషన్ కార్డులు. వాటిలో పేరుండదు. సర్వీస్ నంబర్, చేరిన నెల, గాయం ఎక్కడ, దేనివల్ల అన్నవి ఉంటాయి. నా జాబితాలోని ఒక నంబర్‌కు ఎదురుగా ఇలా ఉంది: 1944 నవంబర్, తల, ఫిరంగి గుండు ముక్క.

28వ డివిజన్ జర్మనీలోని హ్యూర్ట్‌గెన్ అడవిలో దాడి మొదలుపెట్టింది నవంబర్ 2నే. ఆ అడవిలో గుండ్లు చెట్ల కొమ్మలకే తగిలి పేలేవి, ముక్కలు పైనుంచి వానలా కురిసేవి. నేల మీద పడుకుంటే ఇంకా ప్రమాదం. రెండు వారాల్లో డివిజన్ 6,000 మందికి పైగా సైనికుల్ని నష్టపోయింది. నా హెల్మెట్ చీలిక పైనుంచి కిందికి ఎందుకు ఏటవాలుగా ఉందో అప్పుడు అర్థమైంది.

నంబర్ దొరికాక పేరు తెలిసింది. పేరుతో పాత పత్రికలు వెతికితే, గాయపడ్డవారి వార్తల్లో ఆయన కంపెనీ, అంటే డివిజన్‌లో ఆయన ఉన్న చిన్న దళం, ఏదో దొరికింది. ఆ కంపెనీ మార్నింగ్ రిపోర్ట్, అంటే రోజూ ఎవరున్నారు, ఎవరు లేరని గుమాస్తా టైపు చేసే కాగితం, మైక్రోఫిల్మ్ నుంచి తెప్పించుకున్నాను. ఆయన పేరు పక్కన, స్వల్పంగా గాయపడి ఆసుపత్రికి వెళ్లినట్టు ఉంది. రేకు అంతలా చీలితే స్వల్పంగానట!

ఆయన బతికి, ఇంటికొచ్చి, ఉక్కు కర్మాగారంలో రిటైరయ్యారు. చాలా ఏళ్ల కిందటే పోయారు. సంస్మరణ ప్రకటన పట్టుకుని కొడుక్కి ఉత్తరం రాశాను. హెల్మెట్ ఇచ్చేస్తానని కూడా రాశాను. ఆ పెద్దాయన ఫోన్ చేసి హెల్మెట్ వద్దన్నారు, రిపోర్ట్ కాపీ అడిగారు. పంపాక మళ్లీ ఫోన్. ఆ రోజే గాయపడ్డవారిలో ఇంకొక పేరు చూశారట. "ఈయన మా నాన్న పెళ్లిలో తోడుపెళ్లికొడుకు. ఇద్దరూ ఒకే కంపెనీ అని మాకెప్పుడూ చెప్పలేదు" అన్నారు.

ఇప్పుడు ఆ రెండో ఆయన సర్వీస్ నంబర్‌తో ఆసుపత్రి కార్డులు వెతుకుతున్నాను.