గేదె కాదు, బర్రె: ఎల్‌కేజీలో నా ఆరు వారాలు

నిన్నటితో ఆరు వారాలు అయిపోయినయి. గొంతు ఇంకా బొంగురుగనే ఉంది. చిన్న తరగతుల టీచరు కోర్సు డీఎడ్‌లో సీటు కోసం డీఈఈసెట్ పరీక్ష రాసి కౌన్సెలింగ్ కోసం చూస్తూ ఖాళీగా ఉండుడెందుకని హన్మకొండలో ఒక బడికి వలంటీరుగా పోయిన. ముందే చెప్తున్న, దీనికి ఒక్క మార్కు కూడా కలువది. సీటు ర్యాంకును బట్టే వస్తది. చిన్నపిల్లల టీచరు పని మనకు పడతదా లేదా అన్నది రెండేండ్ల కోర్సులో చేరకముందే తెలుస్తది, లాభం అదే. బీఎడ్ చేసి చిన్న తరగతులకు పోదామనుకునేటోళ్లకు ఒక మాట: 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినంక ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఎడ్ పనికిరాదు, డీఎడ్ కావాలె.

అనుమతి కోసం దరఖాస్తు, ఇంటర్ మెమో, ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు చాలు. ఇంకో బడిలో అయితే ‘రేపటి నుంచే యూకేజీ మొత్తం నువ్వే చూసుకో’ అన్నరు. అది వలంటీరు పని కాదు, జీతం లేని నౌకరి. దరఖాస్తులోనే రాయండి: ఏ తరగతి, ఎన్ని గంటలు, తరగతి టీచరు గదిలో ఉన్నప్పుడు మాత్రమే. నేను తొమ్మిది నుంచి పన్నెండున్నర అని రాసుకున్న.

జూన్ 12న బడి తెరిస్తే మొదటి రెండు వారాలు ఏడ్పులే. ఏడ్చే పిల్లను గేటు కాడికి తీస్కపోవద్దు, గేటు చూస్తే ఇంకింత ఏడుస్తది. ‘అమ్మ ఇప్పుడే వస్తది’ అని అబద్ధం చెప్పొద్దు. పన్నెండు గంటలంటే వాళ్లకు తెల్వది, ‘బువ్వ తిన్నంక వస్తది’ అంటే తెలుస్తది. ఒంటికి ఎవరికి వస్తుందని అడిగితే ఎవ్వరూ చెప్పరు. గంటకోసారి వరుసగా అందర్నీ పంపాలె. హుకుం జారీ చేసినట్టు ‘ఉరకొద్దు’ అని అరిచిన ప్రతిసారీ ఇంకా ఉరికిన్రు. ‘మెల్లగ నడువుండ్రి’ అంటే నడిచిన్రు. ఏం చేయొద్దో కాదు, ఏం చేయాలెనో చెప్పాలె.

మూడో వారం తరగతి మేడం నాకు పదిహేను నిమిషాలు ఇచ్చింది. అక్షరం ‘గ’. రాత్రి పదకొండు దాకా కూసొని చార్టు మీద గేదె బొమ్మ గీసిన. బొమ్మ బాగా వచ్చింది, అది మాత్రం ఎవరైనా ఒప్పుకోవాలె. ఇరవై ఆరు మంది ముందర నిలబడి ‘ఇదేంటిది?’ అన్న. ఇరవై ఆరు గొంతులు ఒక్కసారే: ‘బర్రె!’

‘కాదు, గేదె.’

‘బర్రె టీచర్!’

మళ్లీ గేదె అన్న. ఒక పిల్లగాడు పక్కోనితోని ‘టీచరమ్మకు బర్రె తెల్వది’ అన్నడు. గది మొత్తం నవ్వు. ఆ నవ్వు తర్వాత పాఠం లేదు. ఆయమ్మ తుడుపు గుడ్డ పట్టుకొని గడప కాడ నిలబడి ‘బర్రెను బర్రె అంటే నీకేం పోయింది బిడ్డా’ అన్నది. మొఖం ఎక్కడ పెట్టుకోవాలెనో తెల్వలే.

ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు ఒకటి కాదు, రెండు. ఇంట్లో వాళ్లు రోజూ అనే మాట బర్రె. నాలుగేండ్ల పిల్ల నోట్లో ఉన్న మాటలోంచి శబ్దాన్ని పట్టుకుంటది. కొత్త మాట, కొత్త శబ్దం రెండూ ఒక్కసారే నెత్తిన పెడితే రెండూ జారిపోతయి. రెండోది ఇంకా సిగ్గు: గేదెలో మొదలు వినపడేది ‘గ’ కాదు, ‘గే’! నేను పెట్టుకున్న బొమ్మలన్నీ చూసుకున్న. ‘వ’కు వేరుశనగ. మన పిల్లలకు అది పల్లికాయ, పైగా ‘వే’. ‘ద’కు దిండు. అది వాళ్లింట్లో మెత్త, పైగా ‘ది’. తలకట్టుతోనే మొదలయ్యే మాట, పిల్లలు రోజూ అనే మాట, వీలైతే చేత్తో తాకగలిగే వస్తువు కావాలె. ‘త’కు తల, ‘ద’కు దవడ, ‘న’కు నడుము, ‘మ’కు మడమ, ‘ప’కు చేతిలోని పలక. ‘గ’కు గడప. చార్టు అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు.

తెల్లారి వాళ్లనే గడప కాడికి తీస్కపోయిన. చేత్తో తాకిన్రు, ‘గ... గడప’ అన్నరు, గడ్డి, గద్ద, గవ్వ వాళ్లే చెప్పిన్రు. ఎనిమిది నిమిషాల్లో ఆపేసిన. ఆ వయసుకు అంతకంటే పొడుగు పాఠం పనికిరాదు. ఇద్దరు గడప దాటి వరండాలోకి పోయిన్రు, వాళ్లను ఆయమ్మ పట్టుకొచ్చింది.

రాత దగ్గర ఇంకో చిక్కు. పెన్సిల్ పట్టే బలం వేళ్లకు ఇంకా రాలేదు. పొడుగు బలపం ఇస్తే పిడికిట్ల పట్టుకుంటరు. రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి ఇస్తే పిడికిలి కుదరది, వేళ్ల కొసలతోనే పట్టుకోవాలె. తినేటోళ్లు తింటరు, కన్నేసి ఉంచాలె. లెక్కకు చింతగింజలు వద్దే వద్దు, ముక్కుల్లోకి, చెవుల్లోకి పోతయి. పెద్ద సీసాల మూతలు పెట్టండి.

వేళ్లకు బలం రావాలంటే పిండి పిసికించుడు మంచిది. నాలుగు గ్లాసుల మైదా, రెండు గ్లాసుల ఉప్పు, రెండు చెంచాల నూనె, ఒకటిన్నర గ్లాసు నీళ్లు కొంచెం కొంచెంగా పోసి కలపాలె. ఇరవై ఆరు మందికి నిమ్మకాయంత ముద్దలు వస్తయి. ఉప్పు వల్ల నాలుకకు పెట్టినోడు రెండోసారి పెట్టడు, ముద్ద తొందరగా పాడుకాదు. వానాకాలం ఉప్పు గాలిలోని తేమను గుంజుకొని జిగటగా చేస్తది, అప్పుడు పొడి పిండి అద్దాలె. నేను ముందు పంచి తర్వాత చెప్పిన, చివరి వరుసకు పోయేసరికి మొదటి వరుస పాము, లడ్డూ, చపాతీ అన్నీ చేసేసింది. ముందు చెప్పి, ఒకటి చేసి చూపి, అప్పుడు పంచాలె. ఒకసారి ఒకటే మాట: ‘పలక తీయుండ్రి’. అందరూ తీసేదాకా రెండో మాట ఎత్తొద్దు.

ఇక సర్టిఫికెట్. ఒక పొడుగు నోటుబుక్కులో వారం వారం మేడం సంతకం పెట్టించుకున్న కాబట్టి బతికిన. ఆఫీసు కిటికీ కాడ మూడు రోజులు తిప్పిన్రు: ఒకరోజు ముద్ర లేదు, ఒకరోజు సారు లేడు, మూడో రోజు రెండూ ఉన్నయి గాని కరెంటు లేదు. చివరికి నిన్న ఇచ్చిన్రు. బస్సెక్కినంక చూసుకుంటే మొదలుపెట్టిన తేదీ జూన్ 12 బదులు జూలై 12 అని ఉంది. సోమవారం నోటుబుక్కు పట్టుకొని మళ్లీ పోవాలె.