ప్రియేనెలో వీధుల వెంట: నా అనుభవం

టర్కీ పశ్చిమ తీరానికి వెళ్లేవాళ్లంతా ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాలు చూస్తారు. అక్కడ కంటికి కనిపించేది చాలావరకు రోమన్ల కట్టడమే. గ్రీకు ఊరు ఎలా ఉండేదో తెలియాలంటే ప్రియేనెకే వెళ్లాలంటాను. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గళ్ల నమూనాలో, అంటే వీధులు ఒకదాన్నొకటి అడ్డంగా, నిలువుగా కోసుకునేలా వేసిన ఊరు ఇది. ఇప్పుడు శిథిలాలే మిగిలాయి. రోమన్లు దీన్ని పెద్దగా మార్చలేదు.

తీరంలోని కుశాదసి పట్టణం నుంచి మినీబస్సులో సోకె పట్టణం, అక్కడ మారి ప్రియేనె పక్కనున్న గుల్లుబహ్చె గ్రామం. దిగగానే తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికో డ్రైవరునే అడగాలి. ఆ గ్రామం నుంచి శిథిలాల గేటు దాకా ఎక్కుడే, లోపలా అంతే. దగ్గర్లోని ప్రాచీన స్థలాలు మిలెటస్, దిదిమలతో కలిపి ఒకే రోజులో చూపించే టూర్లలో ఇక్కడ గడిపే సమయం మరీ తక్కువ. అథీనా ఆలయంలో నిలబడ్డ స్తంభాల దగ్గర ఫొటో దిగేసరికే బస్సు పిలుస్తుంది.

స్తంభాల వైపు పరుగెత్తకండి. ముందు వీధులు చూడండి. తూర్పు పడమర వీధులు కొండవాలుకు అడ్డంగా, నడవడానికి వీలుగా సాగుతాయి. ఉత్తర దక్షిణ వీధులు నిటారైన వాలు మీద వచ్చాయి కాబట్టి చాలాచోట్ల మెట్లయ్యాయి. కొండ ఎలా ఉన్నా గళ్లు చెదరనివ్వని ఆ పట్టుదల నాకెంతో ఇష్టం. ఇది అర్థమైతే సైట్ ప్లాన్ చేతిలో లేకపోయినా దారి తప్పరు.

నగర సభామందిరంలో మూడు వైపులా రాతి బెంచీలు, మధ్యలో బలిపీఠం. సుమారు 640 మంది కూర్చునేవారట. పై వరుసలో కూర్చుని చూడండి, ఎవరు మాట్లాడినా అందరికీ ఎలా కనబడేవారో తెలుస్తుంది. నాటకశాలలో ముందు వరుసన సింహపు పాదాలు చెక్కిన పాలరాతి ఆసనాలున్నాయి.

గ్రీకు దేవత అథీనా ఆలయాన్ని రూపొందించినది వాస్తుశిల్పి పైథియోస్. అలెగ్జాండర్ దాన్ని అంకితమిచ్చిన శాసనం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తిరిగి నిలబెట్టిన స్తంభాలు అయిదే. మిగతావి దిమ్మలుగా విడిపోయి చుట్టూ పడి ఉన్నాయి. దగ్గరగా చూస్తే స్తంభం ఒకే రాయి కాదని, దిమ్మ మీద దిమ్మ పేర్చినదని తెలుస్తుంది.

అరిగిన పాలరాయి జారుతుంది, కాబట్టి పట్టున్న బూట్లు తప్పనిసరి. ఊరు దక్షిణం వాలున ఉండటంతో ఎండ నేరుగా తగులుతుంది. వేసవిలో పొద్దున్నే వెళ్లి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉంచుకోవాలి. ఆలయం ముఖం తూర్పుకే కాబట్టి ఫొటోలకూ ఉదయమే మేలు. దిగువన మైదానం కనిపిస్తుంది చూడండి, అది ఒకప్పుడు సముద్రం. మెండెరెస్ నది తెచ్చిన ఒండ్రు దాన్ని పూడ్చేసింది.